గోడ అవతలి సినిమా

శ్రోతలందరికీ నమస్కారం.

సినిమాల గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను విమర్శకుణ్ణి కాను, ఉత్త సినిమా పిచ్చోణ్ణి. ఆ పిచ్చి కూడా నాకు కళ్ళతో పట్టలేదు, చెవులతో పట్టింది.

మా ఇల్లు ప్రొద్దుటూరులో ఒక సినిమా హాలు వెనక సందులో ఉండేది. హాలుకూ మా పంచకూ మధ్య ఒకటే గోడ. అదీ తెర ఉన్న వైపు గోడ. స్పీకర్లు తెర వెనకే కదా ఉండేది, అందుకని టికెట్టు కొన్నోళ్ళ కంటే మనకే బాగా వినబడుతుందని మా నాయన గొప్పగా చెప్పుకునేవాడు. మా అమ్మకు గడియారంతో పనే లేదు. ఫస్ట్ షో ఇంటర్వెల్లో సోడాలు కొట్టే చప్పుడు మొదలైతే సంగటికి ఎసరు పెట్టేది. సెకండ్ షో ఆఖరి ఫైటింగు వినబడితే, నాయన నూనె మిల్లు నుంచి వచ్చే వేళయిందని లేచి తలుపు గడియ తీసేది.

ఏ సినిమా అయినా నేను పది పదిహేను రోజులు వినేవాణ్ణి. ఆ తర్వాత ఇంట్లో డబ్బులిస్తే ఒకసారి చూసేవాణ్ణి. విన్నప్పుడు ఒకటి ఊహించుకోవడం, చూసినప్పుడు ఇంకొకటి బయటపడటం. ఒకసారి బళ్ళో పిల్లకాయలందరినీ కూర్చోబెట్టి, "హీరో వాళ్ళమ్మ చచ్చిపోతుందిరా, వాడు ఒకటే ఏడుపు" అని కథ చెప్పేసినాను. అందరూ పోయి చూసొచ్చినారు. చచ్చింది వాళ్ళమ్మ కాదు, ఎద్దు. ఏడాది పాటు నన్ను "ఎద్దు" అనే పిలిచినారు.

అయినా నా లెక్క నాది. వినడానికి బాగుంటే చూడటానికీ బాగుంటుంది. మాయాబజార్ తీసుకోండి. 1957 నాటి సినిమా, మా హాల్లో మార్నింగ్ షోలుగా వేసేవాళ్ళు. మహాభారతం వాళ్ళ కథే గానీ పాండవులు ఒక్కరూ కనబడరు. ఆ సంగతి నాకు చూసిన తర్వాత కూడా తట్టలేదు, ఎవరో చెబితే తెలిసింది. నాకు గుర్తుండేది 'అహ నా పెళ్ళియంట' పాట. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉంటాడు కదా, సుశీల గొంతు హాయిగా సాగిపోతా ఉంటుంది, ఉన్నట్టుండి నడుమ ఘంటసాల గొంతు వచ్చి పడుతుంది. లోపలున్న రాక్షసుడు బయటికి తొంగి చూసినాడన్నమాట. తెర చూడకపోయినా గోడ ఇవతల నాకు అర్థమైపోయేది. తర్వాత సావిత్రి ఆ మగ ఠీవితో నడవడం చూసి మతి పోయిందనుకోండి, కానీ సగం పని చెవి ముందే చేసిపెట్టింది. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి గారు తాడిపత్రి ఆయన. చక్రపాణి గారితో కలిసి తీయించిన నాగిరెడ్డి గారు మన కడప జిల్లా ఆయన. ఈ మాట నేను సందు దొరికినప్పుడల్లా చెబుతుంటాను, ఈ రోజూ చెప్పేశాను.

1989లో శివ వచ్చినప్పుడు ఇంకో వింత. ముందు రోజు దాకా గోడ అదిరిపోయేటట్టు డైలాగులు వినబడేవి. శివకు చాలాసేపు ఏమీ వినబడదు. ఎవరూ అరవరు. ఇళయరాజా సంగీతం మెల్లగా వస్తా ఉంటుంది, మళ్ళీ నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక్కసారిగా హాలంతా ఈలలు. అది సైకిల్ చైను తెంపిన చోటని చూసినాక తెలిసింది. రాంగోపాల్ వర్మ తర్వాత తీసిన వాటిలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. ఆ ఒక్క చైనుకు మాత్రం అన్నీ మాఫీ.

మన సీమ కథలని చెప్పి తీసిన సినిమాల సంగతి ఎక్కువ చెప్పను. బాంబులు వినీ వినీ మా ఇంట్లో పిల్లి కూడా ఉలిక్కిపడటం మానేసింది. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ సినిమాల్లో హీరోది మన ఊరే అంటారు, మాట మాత్రం మనది కాదు. మన మాట మాట్లాడేది విలనే. 1997లో ప్రేమించుకుందాం రా ఆడినప్పుడు, గోడ అవతల జయప్రకాశ్ రెడ్డి గారి గొంతు వినబడగానే మా అవ్వ తమలపాకు నములుతా, "ఈయప్ప మనోడేనే" అనేది. ఆయన సిరివెళ్ళలో పుట్టిన మనిషి, కాబట్టి అవ్వ లెక్క తప్పలేదు. కథేమిటో అవ్వకు తెలియదు. ఆయన విలన్ అని మేం చెప్పినా నమ్మేది కాదు. "అంత బాగా మాట్లాడేటోడు చెడ్డోడు ఎట్లయితాడు?" అనేది. సీమ మాట మాట్లాడే హీరో కోసం మా అవ్వ బతికున్నన్నాళ్ళూ ఎదురుచూసింది. 2018లో అరవింద సమేతలో ఎన్టీఆర్ కొంత మాట్లాడినాడు. అవ్వ అప్పటికే లేదు.

సరే, టైమ్ చూసుకుంటే సగం పైనే అయిపోయింది. అసలు చెప్పాలని వచ్చిన సినిమా చెప్పేస్తాను. పుష్పక విమానం. 1987. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమా. కమల్ హాసన్, అమల. సినిమా మొత్తంలో మాటల్లేవు. రేడియోలో ఇలాంటి సినిమా గురించి మాట్లాడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నాలు మనమంతా రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రాలు, అంటే సినిమా మాటలూ పాటలూ కుదించి వినిపించే కార్యక్రమం, విన్నవాళ్ళమే. ఆ కార్యక్రమానికి పనికిరాని సినిమా ఏదైనా ఉంటే అది ఇదే.

మా హాల్లో అది పడిన మొదటి రోజు మేమంతా పంచలో మామూలుగా కూర్చున్నాం. పేర్ల సంగీతం వచ్చింది. ఇక డైలాగు వస్తుంది, ఇక వస్తుంది అని చూస్తున్నాం. రాదు. పావుగంట అయింది, రాదు. "మిషను చెడిపోయింటుందిలే" అన్నాడు నాయన. చెడిపోతే జనం కుర్చీలు విరగ్గొట్టాలి కదా! వీళ్ళు నవ్వుతున్నారు. మాట లేదు, నవ్వు ఉంది. మళ్ళీ మాట లేదు, మళ్ళీ నవ్వు. చెవి గోడకు ఆనించి పెట్టినాను. మాట లేదు, నవ్వు ఉంది. నా జన్మలో టికెట్టు కోసం నేను ఇంట్లో ఏడ్చి గొడవ చేసిన సినిమా అదొక్కటే.

మరుసటి రోజు నేల టికెట్టు కొని చూసినాను. కమల్ హాసన్ ఉద్యోగం లేని కుర్రవాడు. లాడ్జీలో చిన్న గదిలో ఉంటాడు. పక్కనే సినిమా హాలు! రాత్రంతా ఆ గోల కిటికీలోంచి వస్తూనే ఉంటుంది. ఒక రాత్రి రోడ్డు మీద తాగి పడిపోయిన డబ్బున్నాయన కనబడతాడు, జేబులో పెద్ద హోటలు గది తాళం చెవి. కుర్రవాడు ఆయన్ను తెచ్చి తన లాడ్జీ గదిలో కట్టేసి, తాను హోటల్లో దిగుతాడు. మెత్తటి పరుపు, చల్లటి గది. పడుకుంటాడు. నిద్ర రాదు. అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు. రాదు. అప్పుడు తెలుస్తుంది, చప్పుడు లేకపోవడం వల్ల నిద్ర రావడం లేదని. ఏం చేస్తాడు? టేప్ రికార్డర్ తీసుకుని లాడ్జీకి పోయి, అక్కడి గోలంతా రికార్డు చేసుకుని వస్తాడు. పరుపు పక్కన ఆ టేపు పెడతాడు. ఆ గోల మొదలవుతుంది. పిల్లవాడిలా నిద్రపోతాడు.

హాలంతా పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. అది మా ఇల్లే కదా అనుకున్నాను. సినిమాలో ఉన్న సినిమా హాలు చప్పుడు, ఈ హాలు గోడ దాటి, అదే నిమిషంలో పంచలో పడుకున్న మా అవ్వకు వినబడుతుంటుందని లెక్క వేసుకుని మురిసిపోయినాను. సింగీతం గారు మాయాబజార్ సినిమాకు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 'అసమదీయులు, తసమదీయులు' అంటూ మాటలతో అంత ఆట ఆడుకున్న సినిమాలో పని నేర్చుకున్న మనిషి, మాటే లేకుండా ఇది తీశాడు.

ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. మేము కూడా ఊరి బయట కాలనీకి మారిపోయాం. కొత్త ఇంట్లో మొదటి నెల నాకు నిద్ర పట్టలేదు. డాక్టరు దగ్గరికి పోదామంది మా ఆవిడ. ఆమెకు ఆ సినిమా చూపించాను. ఊరికే చూసి, "మీకు నిద్ర లేకపోతే నాకూ లేకుండా చేస్తారా" అని పోయి పడుకుంది.

ఇప్పుడు ఒక్క మాట, పనికొచ్చే మాట. ఇంట్లో సినిమా చూసేటప్పుడు మనమంతా సగం కన్ను టీవీ మీద, సగం సెల్‌ఫోన్ మీద పెడుతున్నాం. డైలాగులు ఎట్లాగూ చెవిన పడతాయి, కథ అర్థమైపోతుంది. 2010లో థియేటర్లలో ఆడని ఖలేజా, టీవీల్లో అంతగా ఆడిందంటే అందులో ఆ డైలాగుల పుణ్యం చాలా ఉంది. మా ఆవిడ వంటింట్లో రొట్టె తడుతూనే మొత్తం సినిమా చూసేసింది. పుష్పక విమానం దగ్గర ఆ పప్పులు ఉడకవు. తల దించితే కథ పోతుంది. విలన్ మంచు కత్తి ఎత్తినప్పుడు మీరు ఫోన్ చూస్తుంటే, తలెత్తేసరికి ఆ కత్తి కరిగి నీళ్ళయిపోయి ఉంటుంది. అందుకని ఈ ఆదివారం పిల్లలకు ఆ సినిమా చూపిస్తే, ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టించండి. మీది కూడా.

హోటల్లో టేపు పెట్టుకుని పడుకునే సీను వచ్చినప్పుడు మాత్రం వాల్యూమ్ కొంచెం పెంచండి. గోడ అవతల ఎవరైనా వింటూ ఉండొచ్చు.