హైదరాబాద్ ముసురులో పరుపు శుభ్రం: అమ్మావాళ్ళింట్లో ఈ రోజు పని

అందరికీ నమస్కారం అండీ. డాలస్ నుంచి వచ్చేశాం, ఇప్పుడు మల్కాజిగిరిలో అమ్మావాళ్ళ ఫ్లాట్‌లో ఉన్నాం. జులై కదా, బయట ఒకటే ముసురు. అందుకే ఈ వ్లాగ్ అంతా పడకగదిలోనే. నాన్నకి పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు కారడం. డాక్టర్‌గారు డస్ట్ అలర్జీ అన్నారు. ఇల్లు రోజూ తుడుస్తూనే ఉన్నారు, పరుపు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. రాత్రంతా ముఖం ఆనించి పడుకునేది దాని మీదే కాబట్టి, అలర్జీ ఉన్న ఇంట్లో ముందు పరుపునే చూడాలంటాను నేను.

ఇదిగో, దుప్పటి తీశాను చూడండి. షాపువాళ్ళు వేసిచ్చిన పాలిథిన్ కవరు ఇంకా అలాగే ఉంది. "కొత్తది పాడవకూడదని ఉంచామే" అంటోంది అమ్మ. చాలా ఇళ్ళల్లో ఇంతే. కానీ ఒంటికి పట్టిన చెమట ఆ కవరు మీద ఆరదు, దుప్పటి చెమ్మగానే ఉంటుంది. కవరు చిరిగిన చోట లోపలికి దిగిన చెమట మళ్ళీ పైకి వచ్చే దారి లేదు. ఇక్కడ, నాన్న భుజాలు ఆనే చోట, కెమెరా దగ్గరికి పెడుతున్నాను: పసుపు మరక, దాని చుట్టూ గోధుమరంగు అంచు. ముక్కిన వాసన కూడా వస్తోంది. కవరు మొత్తం కోసి తీసేస్తున్నాను.

ఇప్పుడు పరుపు పైకి లేపుదాం. నాన్నా, ఆ మూల కొంచెం పట్టుకోండి. చూశారా, అడుగున బూడిదరంగు మచ్చలు? అది బూజు. ఇది సామాన్లు పెట్టుకునే పెట్టె మంచం, పైన గట్టి ప్లైవుడ్ చెక్క, గాలి ఆడే సందు లేదు. నవారు మంచానికి ఈ బాధ ఉండేది కాదు, కిందనుంచీ గాలి తగిలేది. కార్పెంటర్‌ని పిలిచి ఈ చెక్కకి వరసగా రంధ్రాలు పెట్టించమని అమ్మకి చెప్పాను, అదేం పెద్ద ఖర్చు కాదు. ఈలోపు పరుపుని గోడకి నిలబెట్టి రెండు వైపులా ఫ్యాన్ గాలి తగలనిస్తాం. మచ్చల్ని సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి ఆరబెడతాం. బూజు లోపలిదాకా పాకి ఉంటే మాత్రం వెనకాడకుండా ఆ పరుపు మార్చేయడమే మంచిది.

తుమ్ములకి కారణం చాలాసార్లు డస్ట్ మైట్స్, అంటే ఇంటి దుమ్ములో బతికే చిన్న చిన్న పురుగులు. కంటికి ఆనవు, మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయి. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. ఇంటి దుమ్ము అలర్జీకి వీటితో ఉన్న సంబంధాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు 1964లోనే చూపించారు. అవి నీళ్ళు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. గదిలో తేమ 50 శాతం కంటే తక్కువగా ఉంటే ఎక్కువ కాలం నిలవలేవు. ముసురు పట్టిన హైదరాబాద్‌లో తేమ అంత తక్కువ ఎక్కడ ఉంటుంది చెప్పండి! ఇంకో సంగతి, అవి చచ్చినా వాటి మలం దుప్పట్లలో ఉంటుంది, అలర్జీ తెప్పించేది ముఖ్యంగా అదే. అందుకని దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. వేడి వాటిని చంపుతుంది, నీళ్ళు ఆ మలాన్ని కడిగేస్తాయి. అమ్మావాళ్ళ మెషీన్‌లో హీటర్ ఉంది, ఇన్నాళ్ళూ చల్లనీళ్ళతోనే తిప్పారు. తలకి కొబ్బరినూనె రాసుకునే ఇంట్లో గలీబులు వారంలో రెండుసార్లు మారిస్తే ఇంకా నయం.

వంటసోడా సంగతి. జల్లి, కొన్ని గంటలు ఉంచి, వాక్యూమ్ చేస్తే వాసన తగ్గుతుంది, అంతవరకే. మైట్స్ చావవు. ఈ తేమలో సోడా ఉండ కడుతుంది కూడా, కాబట్టి పలచగా జల్లండి.

ఇంటికొచ్చి పరుపుని షాంపూతో కడిగేవాళ్ళని బుక్ చేద్దామా అని నాన్న అడిగారు. ఇప్పుడొద్దు నాన్నా అన్నాను. ఫోమ్‌లోకి నీళ్ళు దిగితే ఈ వాతావరణంలో ఎన్ని రోజులకి ఆరుతుందో. ఆ పని ఏప్రిల్, మే నెలల్లో, ఎండలు మండేటప్పుడు పెట్టుకోవాలి. అప్పుడు కూడా ఫోమ్, లేటెక్స్ పరుపుల్ని నేరుగా ఎండలో పడేయకండి, అవి పెళుసుబారతాయి. నీడలో గాలి తగిలితే చాలు. డాబా మీద ఎర్రటి ఎండలో వేయాల్సింది దూది పరుపునే. మధ్యాహ్నం ఒకసారి తిప్పేసి, రెండు వైపులా కర్రతో దులపాలి. దూది గడ్డకట్టి ఉంటే విప్పి ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు, అదే దాని గొప్పతనం.

మనలాగా విమానం దిగి వచ్చేవాళ్ళకి ఒక మాట. సూట్‌కేసుని మంచం మీద పెట్టి విప్పకండి, దయచేసి. నల్లులు సామాన్లలోనే ప్రయాణం చేస్తాయి. నేలమీద, టైల్స్ మీద విప్పండి. పరుపు అంచున ఉన్న పైపింగ్‌ని వేలితో పక్కకి లాగి, టార్చ్ వేసి చూడండి. కుట్ల వెంబడి సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలు ఉంటే అవి నల్లులవే. అప్పుడు ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా పెస్ట్ కంట్రోల్‌వాళ్ళని పిలవండి. అమ్మ పరుపు కుట్లు శుభ్రంగానే ఉన్నాయి.

అన్నీ ఆరాక నాన్న పరుపుకి, దిండుకి జిప్ ఉండే అలర్జీ కవర్లు వేస్తాను. ఇవి పాలిథిన్ కాదు, సన్నటి నేత గుడ్డ: గాలి ఆడుతుంది, మైట్స్ మాత్రం దాటలేవు. కొనేముందు పొడవు, వెడల్పులతో పాటు పరుపు మందం కూడా టేపుతో కొలవండి. కవరు వదులైతే ముడతలు పడి నిద్ర పాడవుతుంది, బిగుతైతే జిప్ పిగిలిపోతుంది. ఇక పొద్దున లేవగానే దుప్పటి నీటుగా పరిచేయొద్దని అమ్మకి చెప్పాను. పక్కబట్టలు తీసేసి, రాత్రి చెమ్మ ఆరేలా ఫ్యాన్ వేసి, కాఫీ తాగి వచ్చాక పరుచుకోవచ్చు.