స్కైలాబ్ పడ్డ తెల్లారి పేపరు

అల్లుడు: నల్లగొండ నుంచి అందరికీ నమస్తే. ఇయ్యాల మన ముంగట పాత పేపరు ముచ్చట్లున్నయి. దినం 1979 జులై 12, గురువారం. నా పక్కన మా మామ. అప్పటికి ఆయన దేవరకొండ దిక్కు పల్లెల బడికి పోయే పిలగాడు. మామా, ఆ పొద్దు అందరు దేని గురించి చదివిండ్రు?

మామ: ఇంకేముంటదిరా, స్కైలాబ్! ముందటి రాత్రి మన టైం ప్రకారం పది దాటినంక కూలింది. కొన్ని ముక్కలు హిందూ మహాసముద్రంల, కొన్ని ఆస్ట్రేలియా పడమటి దిక్కు. మన మీద రవ్వంత గూడ పడలే.

అల్లుడు: వినేటోళ్లల్ల చిన్నోళ్లు గూడ ఉన్నరు. అసలు అదేందో చెప్పు.

మామ: అమెరికావాళ్లు 1973 మే నెలల పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. 77 టన్నులు. మూడు జట్లు పోయి అండ్ల ఉండొచ్చినయి. 1974 ఫిబ్రవరి నుంచి ఖాళీ. స్పేస్ షటిల్ తయారైతే దాంతోని ఇంకింత పైకి నెట్టాలనుకున్నరు. ఇంతల సూర్యుడు జోరందుకున్నడు. పైన గాలి వేడెక్కి ఉబ్బింది, ఆ గాలి రాపిడికి స్కైలాబ్ అనుకున్నదానికన్నా తొందరగ కిందికి దిగుడు మొదలుపెట్టింది. షటిల్ మొదటిసారి ఎగిరింది 1981ల.

అల్లుడు: ఇల్లు కూలినంక నిట్టాడు తెచ్చినట్టు!

మామ: (నవ్వు) గంతే. ఇగ ఊర్ల సంగతి విను. హోటల్ కాడికి ఒక్కటే పేపరొచ్చేది. చదువొచ్చినాయన గట్టిగ చదువుతుంటే చుట్టు కూసున్నోళ్లు వినేది. పడుతదనే మాట పైన పెద్ద అక్షరాలల్ల. లెక్క కింద ఎక్కడ్నో చిన్న అక్షరాలల్ల. అది చదివేసరికి సగం మంది ఇంటికాడ చెప్పనీకె లేచి ఉరికేది.

అల్లుడు: ఆ లెక్కేందో ఇప్పుడు నేను చదువుత. ఒక్క ముక్కన్న ఎవలో ఒక మనిషికి తగిలే అవకాశం 152ల ఒకటని నాసా చెప్పింది. అది భూమ్మీదున్న అందరిల ఏ ఒక్కరికైనా. అదే ఫలానా మనిషికే తగులుడంటే 60,000 కోట్లల్ల ఒకటి.

మామ: ఆ రెండో అంకె ఆ దినం ఎవలన్న మా ఊర్ల చెప్పి ఉంటే కోళ్లు బతికేవి!

అల్లుడు: కోళ్ల ముచ్చట చెప్పు మామా, దానికోసమే కూసోబెట్టిన.

మామ: బోనాలకని పెంచుకున్న కోళ్లు, పండుగకని ఆపుకున్న మేకపోతులు, అన్ని ఆ వారంల కోసుకున్నరు. ఎట్లా పోయేదే, తిని పోదామని. అల్లుండ్లను పిలిపిచ్చిండ్రు. పంచాయతీ పెట్టుకొని మాటలు బంద్ చేసుకున్న అన్నదమ్ములు ఒక్క తాన కూసుండి తిన్నరు. షావుకారేమో చచ్చేలోపల బాకీ కట్టుమని ఇల్లిల్లు తిరిగిండు. అందరం పోయేటోళ్లమే గదా సేటూ, ఆ పైసలు నువ్వేం జేసుకుంటవని అడిగిండొకాయన. షావుకారికి జవాబు దొరకలే!

అల్లుడు: (పెద్దగ నవ్వు) మరి అమ్మమ్మ?

మామ: మా అమ్మ పొదుగుతున్న కోడిని మాత్రం ఎవలను ముట్టనీయలే. గంప మీద చెయ్యి పెట్టి కూసున్నది. నాలుగు దినాలైతే పిల్లలయితయి, దీన్ని కోస్తె వాటికి దిక్కెవలు అన్నది. ఊరంత ఆఖరి దినం అంటుంటే ఆమె నాలుగు దినాల అవతలికి లెక్కపెట్టుకున్నది. నాసా కన్న మా అమ్మ లెక్కనే కుదిరింది. పిల్లలయినయి గూడ.

అల్లుడు: ఇక్కడొక మాట చెప్పాలె. ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల ఊరోళ్లు అమాయకులని నవ్వుతరు. నాకది నచ్చదు. ఏడ పడుతదో నాసాకే ఆఖరి గంటల దాక ఖాయంగ తెల్వలే. ఆఫ్రికా కింది దిక్కు సముద్రంల పడేటట్టు తిప్పిండ్రు. అది అనుకున్నదానికన్న ఆలస్యంగ ముక్కలై ఆస్ట్రేలియా దాక పోయింది. అసోంటప్పుడు దేవరకొండ దిక్కు రైతు భయపడుడు తప్పెట్లయితది?

మామ: పైగ ఆ ఏడు కరువు. వాన కోసం మొగులు దిక్కు చూసి చూసి మెడలు గుంజుతున్నయి. అదే మొగులు మీదికెల్లి ఇనుము పడుతదని పేపర్ల వస్తే ఎట్లుంటది!

అల్లుడు: పేపరు మీద మనోళ్లకు నమ్మకం గూడ ఎక్కువే. 1922లనే మన నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది మరి. సరే, మిగిలిన వార్తలు?

మామ: దిల్లీ. స్కైలాబ్ పడ్డ దినమే, జులై 11న, లోక్‌సభల మొరార్జీ దేశాయ్ సర్కారు మీద వై.బి. చవాన్ అవిశ్వాసం పెట్టిండు. జులై 15న మొరార్జీ రాజీనామా చేసిండు. స్కైలాబ్ కోసమేమో ఊరంత పైకి చూసె, పడేదేమో దిల్లీల పడె!

అల్లుడు: ఆటల పేజీ?

మామ: అది చెప్పకురా. జులై 12 దినమే ఇంగ్లండ్ల ఎడ్జ్‌బాస్టన్ కాడ మనోళ్ల మొదటి టెస్టు మొదలైంది. వెంకటరాఘవన్ కెప్టెన్. ఇంగ్లండ్ అయిదు వికెట్లకు 633 కొట్టి డిక్లేర్ చేసింది. గోవర్ ఒక్కడే 200 నాటౌట్.

అల్లుడు: స్కైలాబ్ తప్పినా గోవర్ తప్పలే.

మామ: అయినా చెప్పాలె, ఆ అయిదు వికెట్లూ కపిల్ దేవే తీసిండు. పిలగాడు ఒక్కడే ఎంత బరువు మోసిండో చూడు.

అల్లుడు: నాకు అన్నిట్ల బాగ నచ్చింది ఆస్ట్రేలియా సంగతి. శాన్ ఫ్రాన్సిస్కోల ఒక పత్రిక, 72 గంటలల్ల మొదటి ముక్క తెచ్చినోళ్లకు 10,000 డాలర్లిస్తమని ప్రకటించింది. ఎస్పరెన్స్ అనే ఊర్ల 17 ఏండ్ల పిలగానికి ఇంటి పెరట్లనే ముక్కలు దొరికినయి. విమానమెక్కి పోయి పైసలు తీసుకున్నడు.

మామ: మరి ఆ ఊరి పంచాయతీ ఏం జేసింది, అది చెప్పు!

అల్లుడు: మా ఊర్ల చెత్త పోసిండ్రని నాసాకు 400 డాలర్ల జుర్మానా ఏసింది.

మామ: శబాష్! అసలైన పంచాయతీ అంటే గట్లుండాలె. కట్టిండ్రా?

అల్లుడు: నాసా కట్టలే. 2009ల అమెరికాల ఒక రేడియో ఆయన తన శ్రోతల కాడ పైసలు జమజేసి కట్టిండు.

మామ: ముప్పై ఏండ్లకు! మా ఊర్లయితే షావుకారు వడ్డీతోని కలిపి అడిగేటోడు.

అల్లుడు: స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నోళ్లు మన తెలంగాణల ఇప్పటికీ ఉన్నరు. మీ ఇంట్ల, మీ వాడల అసోంటోళ్లుంటే ఆ పేరు ఎవలు పెట్టిండ్రో అడిగి, వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి మాకు పంపుండ్రి. వచ్చే వారం ఆ గొంతులనే వినిపిస్తం.

మామ: కోళ్ల ముచ్చటలుంటే అవి గూడ పంపుండ్రి.