ఎపిసోడ్ 47: బయటి సాయం గురించి మొదలెట్టి కిటికీలో ఇరుక్కున్నాం

మాధవి: రికార్డవుతోందా కిరణ్? ఆఁ, ఎర్రలైటు వెలిగింది. నమస్కారం. ఈ వారం ఉక్రెయిన్. బాంబుల కింద కాపురాలు చేస్తున్న మామూలు జనానికి బయటి దేశాల సాయం దేనికి పనికొస్తుంది, దేనికి రాదు, అదీ విషయం. బాబాయ్, ముందే చెప్తున్నా. రైలుపట్టాల మాటెత్తితే గంట కొడతా.

శేఖర్: కొట్టుకో. పోయినసారి పదకొండు సార్లు కొట్టావు, నాకేమైంది?

మాధవి: వినేవాళ్ళకైంది. మొదలెట్టు.

శేఖర్: సరే. ముందు ఆకాశం సంగతి. రష్యా వదిలే షాహెద్ డ్రోను ఒక్కోటీ ఇరవై నుంచి యాభై వేల డాలర్లని అంచనా. గంటకి నూట ఎనభై కిలోమీటర్లు పోతుంది, మామూలుగా యాభై కిలోల పేలుడు మందు మోస్తుంది. క్షిపణుల్ని గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియాట్‌లో వాడే పీఏసీ-3 క్షిపణి ఒక్కోటీ దాదాపు నలభై లక్షల డాలర్లు. డ్రోను మీదకి దాన్ని వదిలితే ఇల్లు గుల్లే. అందుకే డ్రోన్లకి లారీల మీద మెషీన్‌గన్లు, జర్మనీ ఇచ్చిన గెపార్డ్ తుపాకీ వాహనాలు పెట్టుకుని, పేట్రియాట్‌ని బాలిస్టిక్ క్షిపణులకి దాచుకుంటారు. అది ఉక్రెయిన్ సొంతంగా తయారు చేసుకునేది కాదు. 2023 ఏప్రిల్లో మొదటిది వచ్చేదాకా కీవ్ మీదకి బాలిస్టిక్ వస్తే ఆపే దిక్కే లేదు.

మాధవి: ఖార్కివ్‌కి అదీ సరిగ్గా అందదు. రష్యా సరిహద్దు ముప్ఫై చిల్లర కిలోమీటర్లే. అవతల నుంచి ఎస్-300 క్షిపణి వదిలితే నిమిషంలోపు వచ్చి పడుతుంది. ముందు పేలుడు, ఆ తర్వాత సైరన్. అందుకే 2023 సెప్టెంబరు నుంచి అక్కడ మెట్రో స్టేషన్లలో స్కూళ్ళు నడుస్తున్నాయి. 2024 మేలో ఏకంగా నేల కిందే ఒక బడి కట్టేశారు. మన తెలుగు పిల్లలు మెడిసిన్ చదివిన ఊరే. 2022లో ఆపరేషన్ గంగలో వచ్చారే, వాళ్ళలో చాలామంది ఆ మెట్రోలోనే తలదాచుకున్నారు.

శేఖర్: సైరన్‌కి కిందకి పోలేనివాళ్ళు రెండు గోడల నియమం పాటిస్తారు. నీకూ వీధికీ మధ్య రెండు గోడలుండాలి. మొదటి గోడ దెబ్బ తింటుంది, రెండోది ముక్కల్ని ఆపుతుంది. ఫ్లాటులో అయితే నడవే గతి. బాత్రూమ్ అనుకుంటారు గానీ టైల్సూ, అద్దమూ, పింగాణీ మీద పడతాయి.

మాధవి: అసలు అద్దం దగ్గరే ఉంది కథంతా. కర్ణభేరి పగలాలంటే ముప్ఫై అయిదు కిలోపాస్కళ్ళ ఒత్తిడి కావాలి. మామూలు కిటికీ అద్దానికి ఒకటీ రెండూ చాలు. అంటే ఒక్క క్షిపణి పడితే మనిషికి గీత పడని దూరంలో కూడా వీధులకి వీధులే అద్దాలు పోగొట్టుకుంటాయి. బయట మైనస్ పది.

శేఖర్: టేపు వేసుకుంటారుగా, గుణకారం గుర్తులాగా.

మాధవి: అదిగో. హుద్‌హుద్ అప్పుడు వైజాగ్‌లోనూ వేశారు, ఏమైంది? టేపు అద్దాన్ని పగలకుండా ఆపదు. చిన్న ముక్కలు కావాల్సింది పెద్ద పెంకులై లేస్తాయి. సేఫ్టీ ఫిల్మ్ వేరు. నూరు మైక్రాన్లు దాటి ఉండాలి, లోపలి వైపు అంటించాలి, అంచులు ఫ్రేములోకి బిగించాలి. బిగించకపోతే అద్దం మొత్తం ఒక్క పలకై మీదకొస్తుంది. ఇంకోటి, అద్దాలన్నీ లోపలికే పడవు. పేలుడు గాలి ముందు తోస్తుంది, వెంటనే వెనక్కి లాగుతుంది. ఆ లాగుడికి సగం వీధిలో పడతాయి. కింద నిలబడి పైకి చూసేవాడి పని అయిపోతుంది.

శేఖర్: సరే, పగిలింది. చెక్క కొట్టెయ్. చెక్కముక్కలు అతికి నొక్కిన ఓఎస్‌బీ షీటు, పది మిల్లీమీటర్లది. గాలీ ఆగుతుంది, మంచూ ఆగుతుంది.

మాధవి: వెలుతురూ ఆగుతుంది బాబాయ్! కరెంటు రోజుకి ఎన్ని గంటలో తెలీదు, పగలు కూడా చీకటి చేసుకుంటావా? పైగా షీటు రెండున్నర మీటర్లు బై ఒకటింపావు, ఇరవై కిలోలు. లిఫ్టు లేదు. తొమ్మిదో అంతస్తుకి ఎవడు మోస్తాడు?

శేఖర్: కోసుకుని మొయ్యి. పాలిథిన్ పట్టా మొదటి ఈదురుగాలికే జెండా అవుతుంది.

మాధవి: నువ్వు మేకులతో కొడితే అవుతుంది. మేకు చుట్టూ చిరుగు మొదలై గాలికి టపటపా కొట్టుకుని సాయంత్రానికి చీలిపోతుంది. పట్టా రెండొందల మైక్రాన్లది, మన పాలీహౌస్ కవరు లాంటిది తీసుకోవాలి. అంచు రెండు మడతలు వేసి, పైన చెక్కబద్ద పెట్టి, ఆ బద్దకి మరలు బిగించాలి. ముందు పైఅంచు, తర్వాత కింద, ఆఖర్న పక్కలు. మధ్యలోంచి మూలలకి లాక్కుంటూ పోవాలి. మూలల్నించి మొదలెడితే మధ్యలో బుంగ పడుతుంది, గాలికి కావాల్సింది ఆ బుంగే.

శేఖర్: ఒక్క పొరకి చలి ఆగుతుందా?

మాధవి: ఆగదు. అందుకే ఫ్రేము. ప్లంబింగు పీవీసీ పైపులతో చదరం చేసి, రెండు వైపులా పట్టా చుట్టి, మధ్యలో గాలి ఉంచుతారు. బయటి అంచుకి ఏసీ పైపుకి తొడుగుతారే నురుగు గొట్టం, అది నిలువునా చీల్చి తొడిగి కిటికీ సందులోకి అదిమేస్తారు. మేకు అక్కర్లేదు, మర అక్కర్లేదు. చెయ్యి తిరిగినవాడు పావుగంటలో ఒకటి చేస్తాడు. రేపు అద్దం వచ్చాక ఊడదీసి ఇంకో ఇంటికి ఇస్తారు.

శేఖర్: లోపల చెమ్మ పట్టదూ? గదిలో వంట, స్టవ్వు మీద కాగే నీళ్ళ గిన్నె.

మాధవి: పడుతుంది. పట్టా మీద కారి కింద చేరి పొద్దున్నకి మంచుపలక అవుతుంది. కింద ఒక గుడ్డ పరిచి రోజూ పిండుకోవడమే. ఒప్పుకుంటా, అది దాని లోపం.

శేఖర్: హమ్మయ్య, ఒకటి ఒప్పుకుంది. కిరణ్, రాసుకో. నేనూ ఒకటి ఒప్పుకుంటా, తొమ్మిదో అంతస్తులో బయటికి వంగి చెక్క కొట్టలేం. లోపలి నుంచే, గోడ మందంలోకి బద్దలు బిగించి, వాటికి షీటు వెయ్యాలి. మర పొట్టిదైతే మళ్ళీ పేలుడొచ్చినప్పుడు షీటే ఆయుధమవుతుంది. కింద సగం చెక్క, పైన సగం నీ పట్టా. సరిపోయిందా?

మాధవి: సరిపోయింది. అయితే చిమ్మేముందు ఫోటోలు తియ్యాలి. గది నాలుగు మూలల్నించీ, బయట నుంచీ. 2023 మే నుంచి ప్రభుత్వం మరమ్మతుకి డబ్బిస్తోంది, ప్రభుత్వ సేవల యాప్ దియా‌లో అర్జీ పెడితే కమిటీ వచ్చి చూస్తుంది. ఊడ్చేశాక వచ్చినవాళ్ళకి ఏం చూపిస్తావ్?

శేఖర్: డబ్బొచ్చింది. అద్దం ఏదీ? షీటు అద్దం చేసే పెద్ద ఫ్యాక్టరీ లిసిచాన్స్క్‌లో ఉండేది. ఆ ఊరు 2022 జులైలో రష్యా చేతికి పోయింది. యుద్ధానికి ముందు అద్దం ఎక్కువగా వచ్చింది రష్యా, బెలారస్‌ల నుంచే. ఇప్పుడు పోలండ్ వైపు నుంచి రావాలి. అక్కడ రైలుపట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, ఉక్రెయిన్‌లో 1520.

(గంట)

మాధవి: అద్దంలోంచి దూరావా!

శేఖర్: తప్పదమ్మా. సాయం అంటే చెక్కు రాసివ్వడం అనుకుంటారు. కొలత కుదరాలి. నీ అద్దానికీ అంతేగా?

మాధవి: అంతే. వెడల్పు మూడు చోట్ల కొలిచి, తక్కువొచ్చింది తీసుకుని, అందులోంచి కొన్ని మిల్లీమీటర్లు తీసెయ్యాలి. మూల నుంచి మూలకి కర్ణాలు రెండూ కొలవాలి, పేలుడికి ఫ్రేము వంకరపోతే తేడా అక్కడే బయటపడుతుంది. డబుల్ అద్దం మందం ఇరవైనాలుగు మిల్లీమీటర్లా, ముప్ఫై రెండా చూసుకోవాలి. అది తప్పితే అద్దాన్ని పట్టుకునే అంచుబద్ద, అదే బీడింగ్, కూర్చోదు.

శేఖర్: ట్రాన్స్‌ఫార్మర్‌కీ అదే! 2022 అక్టోబరు 10 నుంచి కరెంటు గ్రిడ్ మీద దాడులు మొదలయ్యాయి. అక్కడి పెద్ద లైన్లు 330, 750 కిలోవోల్టులు. పశ్చిమ యూరప్‌ది 400. జర్మనీ గోడౌన్‌లో స్పేర్ ఉన్నా బిగించలేం. 330 వాడే బాల్టిక్ దేశాలు ఇవ్వాలి. లిథువేనియా ఇచ్చింది కూడా. కొత్తది చేయించాలంటే ఏడాది పైమాటే. వంద టన్నులు దాటే వస్తువు, నూనె తీసేసి, లోపల పొడిగాలి నింపి రైలెక్కిస్తారు. సరిహద్దులో పట్టాలు మారతాయి...

(గంట)

శేఖర్: కొట్టు. మన 1676 అయినా వాళ్ళకి పనికిరాదు.

(గంట, గంట)

మాధవి: అయిపోయిందా?

శేఖర్: దిగాక తీగలు తగిలించే బుషింగులు బిగించాలి, వాక్యూమ్ లాగాలి, నూనె వడకట్టుకుంటూ నింపాలి. రోజులు పడుతుంది. ఈలోపు ఒక్క శకలం రేడియేటర్‌ని పొడిస్తే నూనె కారి నిప్పంటుకుంటుంది. అందుకే ముందు చుట్టూ రాళ్ళబుట్టలు, ఇసుక బస్తాలు పేర్చారు. అవి శకలాలకే. డ్రోనుకి కాంక్రీటు గూడు కావాలి. క్షిపణికైతే ఇంకా పెద్ద కట్టడం, దాని ఖర్చుకి అందరూ నీళ్ళు నములుతారు.

మాధవి: వైర్ల మీదుగా వచ్చే సాయం చెప్పవేం? 2022 మార్చి 16న యూరప్ గ్రిడ్‌తో కలిశారు. అది జరక్కపోతే ఈ దాడులకి ఎప్పుడో చీకటే. 2024 డిసెంబరులో దిగుమతి హద్దుని 2,100 మెగావాట్లకి పెంచారు.

శేఖర్: దిగుమతి చేసుకున్నది ఊళ్ళోకి రావాలన్నా సబ్‌స్టేషన్ ఉండాలి కదా. అదీ...

మాధవి: సరే సరే. ఆస్పత్రి విషయం చెప్పాలి. 2024 జులై 8. కీవ్‌లో ఓఖ్మత్‌దీత్, పిల్లల ఆస్పత్రి. పొద్దున పూట. క్షిపణి పడింది. డయాలిసిస్ మీదున్న పిల్లల్ని బయటికి తెచ్చి రోడ్డు పక్కన కూర్చోబెట్టారు, చేతులకి డ్రిప్పులతో.

శేఖర్: ఊఁ.

మాధవి: పక్క భవనాల్లోనూ అద్దాలు రాలాయి. అరగంట నుంచి కొలతలు చెప్పుకుంటున్నాం కదా, ఆ కొలతలన్నీ...

శేఖర్: తెలుసమ్మా.

(కొద్దిసేపు నిశ్శబ్దం)

శేఖర్: అక్కడ జనరేటర్లుంటాయి. ఆస్పత్రులకి ముందు ఇచ్చిన సాయం అదే. అయితే నేలమాళిగలో తలదాచుకున్నచోట జనరేటర్ పెట్టకూడదు. పొగ వాసన రాకుండానే కార్బన్ మోనాక్సైడ్ మత్తులో ముంచి చంపేస్తుంది. బయట, కిటికీలకి ఆరేడు మీటర్ల దూరంలో, పొగగొట్టం కిటికీలకి అవతలి వైపు తిప్పి పెట్టాలి. వేసవి డీజిలు పోస్తే చలికి మైనం కట్టి ఫిల్టరు పూడుకుపోతుంది. సాయంగా వచ్చిన కొన్నిటికి స్పేర్ ఫిల్టర్లే ఉండవు, ఒక్కో దేశానిది ఒక్కో కంపెనీ మోడల్...

మాధవి: కొలత కుదరదంటావు.

శేఖర్: నేనన్లేదు, నువ్వే అన్నావు. గంట నీకు నువ్వే కొట్టుకో.

మాధవి: కిరణ్ వేలు చూపిస్తున్నాడు, కార్డు నిండిందట. అమెరికా సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ ఆగిపోయాక ఆ విడిభాగాల బేరం ఎవరు చేస్తున్నారన్నది అసలు ముట్టుకోలేదు మనం.

శేఖర్: యూరప్ కరెంటు, గ్యాస్ కూటమి ఎనర్జీ కమ్యూనిటీ వాళ్ళ నిధి ఒకటుంది, అందులో దేశాలు డబ్బు వేస్తే ఏ భాగం కావాలో ఉక్రెయిన్ కంపెనీలే చెప్పి కొనిపించుకుంటాయి. అది మేలు, ఎందుకంటే బుషింగు సైజు వాడికి తెలిసినట్టు...