చీర తిరగేసి చూపించండి

నమస్కారం. ఈరోజు నా ముందు రెండు చీరలున్నాయి. రెండూ నీలం రంగువే, రెండింటి మీదా ఎరుపు, తెలుపు గళ్లున్నాయి. దూరం నుంచి చూస్తే రెండూ పోచంపల్లి ఇక్కత్ అనే అంటారు. కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను, నాతో పాటు చూడండి.

ఎడమవైపు చీర కొంగు తిరగేస్తున్నాను. వెనకవైపు రంగు వెలిసిపోయినట్టు ఉంది చూశారా? రంగు పైపైన అద్దారు, లోపలికి దిగలేదు. ఇప్పుడు కుడివైపు చీర. ముందు ఎలా ఉందో వెనకా అలాగే ఉంది. గళ్ల అంచులు గీత గీసినట్టు లేవు, ఈకల చివర్లలా కొద్దిగా చెదిరి ఉన్నాయి. ఇక్కత్‌లో రంగు వేసేది బట్టకు కాదు, నూలుకు. ఏ పోగు ఎక్కడ ఏ రంగులో ఉండాలో ముందే లెక్కగడతారు. రంగు అంటకూడని చోట గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. చెదిరిన ఆ అంచు లోపం కాదు, చేతిపనికి గుర్తు.

ఎడమవైపు చీర మా అమ్మ కోసం నిరుడు ఆన్‌లైన్‌లో కొన్నాను. ‘అసలైన చేనేత, నేరుగా నేతన్న ఇంటి నుంచి’ అని రాశారు. ‘రెండే మిగిలాయి, ఈ రాత్రి వరకే ఈ ధర’ అన్నారు. తొందరపడి డబ్బు పంపాను. మూడు వారాల తర్వాత చూస్తే అవే ఫొటోలు, అవే రెండు చీరలు, అదే ‘ఈ రాత్రి వరకే’. వెనక్కి తీసుకోమని అడిగితే నా నంబరు బ్లాక్ చేశారు.

ఆ దుకాణం పేరు చెప్పను. నన్ను బాధపెట్టింది పోయిన డబ్బు కూడా కాదు. మా అమ్మ ఆ రోజు నుంచి ఫోనులో చేనేత చీర చూపిస్తే చాలు, ‘వద్దమ్మా, అంతా మోసం’ అంటోంది. ఆ అబద్ధానికి మూల్యం చెల్లిస్తున్నది అమ్మినవాళ్లు కాదు. ఇక్కత్ నేసే పుట్టపాకలోనో కొయ్యలగూడెంలోనో మగ్గం ముందు కూర్చుని నిజంగా నేస్తున్న మనిషి.

అందుకే ఈ వీడియో. ఇంట్లో నుంచి చీరలు అమ్ముకునేవాళ్ల కోసం, చిన్న దుకాణం నడుపుతూ ఇప్పుడిప్పుడే ఆన్‌లైన్‌లోకి వస్తున్నవాళ్ల కోసం మాట్లాడుతున్నాను. ‘నిజాయితీగా ఉంటే ఇక్కడ అమ్ముడుపోదు’ అని మీలో చాలామందికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట తప్పు. పెద్ద కంపెనీలతో ప్రకటనల ఖర్చులో మీరు పోటీ పడలేరు. కానీ మీ దగ్గర ఉన్న సరుకు పుట్టుకను మీరు చూపించగలరు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇక్కత్ చీరకు రంగు వేసే ముందు ‘ఆసు’ పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును చేత్తో ఇటూ అటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. నేత ఇళ్లలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పట్టేస్తాయి. ఆలేరు దగ్గర శారాజీపేటలో తన తల్లి ఆ నొప్పితో పడే అవస్థ చూడలేక చింతకింది మల్లేశం అనే నేతన్న ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మీరు అమ్ముతున్న చీర వెనక ఇంత కథ ఉంటే, ‘70 శాతం తగ్గింపు’ అని ఎర్ర అక్షరాలతో రాయవలసిన అవసరం ఏముంది? ఆసు పోస్తున్న నలభై సెకన్ల వీడియో పెట్టండి. యంత్రం మీద పోశారా? ఆ మాటే చెప్పండి. ‘పూర్తిగా చేత్తోనే’ అని రాయకండి. ఆసు యంత్రం మీద, నేత చేతిమగ్గం మీద అని రాస్తే కొనేవాళ్లు తక్కువగా చూడరు. ఆ మాట చెప్పినందుకే మిగతా మాటలు కూడా నమ్ముతారు.

ఇక చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. 2023 నవంబరులో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల్లో చేయకూడని 13 రకాల మాయలను పేర్లతో సహా ప్రకటించింది. ‘రెండే మిగిలాయి’ అని లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. ముందు ఒక ధర చూపించి చివర్లో ఇతర ఖర్చులు కలపడం మరొకటి. ఇవి పెద్ద వెబ్‌సైట్లకే కాదు, అమ్మకందారులకూ, ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ వర్తిస్తాయి. నిజంగానే రెండే చీరలుంటే నిస్సంకోచంగా చెప్పండి. అమ్ముడుపోగానే ఆ ఫొటో తీసేయండి, అంతే.

ధర గురించి ఒక మాట. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. మనిషిని చూసి ధర చెబుతారేమో అనే అనుమానం అక్కడే మొదలవుతుంది. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఉంది, ఖర్చు లేదు. ప్రతి చీర కింద ధర, కొరియర్ ఖర్చు, వాపసు షరతు రాసి పెట్టండి. అడిగినవాళ్లకల్లా ఒకే జవాబు టైపు చేసే శ్రమా తప్పుతుంది. ఫొటో పగటి వెలుతురులో తీయండి, రంగులు మార్చే ఫిల్టర్లు వద్దు. చీర మీద చేనేత గుర్తు ఉంటే, అంటే 2006 నుంచి కేంద్రం ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్క్, ఆ చీటీని కూడా దగ్గరగా తీసి పెట్టండి.

రివ్యూల దగ్గర చాలామంది జారిపోతారు. బావమరిదితో, స్నేహితులతో ఐదు నక్షత్రాలు వేయించుకుంటారు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామంటారు, అది గూగుల్ నిబంధనలకే విరుద్ధం. నా అనుభవంలో కొనేవాళ్లు మొదట చదివేది పొగడ్తలు కాదు, తిట్లు. ఆ తిట్టు కింద మీరేం జవాబు ఇచ్చారో చూస్తారు. ‘రంగు దిగిందని చెప్పారు, నిజమే, మొదటి ఉతుకు గురించి మేము ముందే చెప్పవలసింది, చీర వెనక్కి పంపండి’ అని ఒక్క జవాబు ఉంటే చాలు, నాలాంటివాళ్లు అక్కడే ఆగి కొంటారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేరున్న ఎవరికైనా చీర ఉచితంగా పంపి మాట్లాడిస్తున్నారా? తప్పేం లేదు. కానీ అది ప్రకటన అని వాళ్ల చేత వీడియోలోనే తెలుగులో చెప్పించండి. డబ్బు తీసుకున్నా, చీర ఉచితంగా తీసుకున్నా ఆ సంగతి దాచకూడదని నిబంధనలున్నాయి. డబ్బు పెట్టి ఫాలోవర్లను కొనడం మాత్రం శుద్ధ దండగ. వాళ్లలో చీర కొనే మనిషి ఒక్కరూ ఉండరు.

ఫోను నంబర్ల విషయంలో ఇంకాస్త కచ్చితంగా ఉండండి. పార్సిల్ పంపడానికి ఇచ్చిన నంబరు పార్సిల్ కోసమే. అడగకుండా గ్రూపులో చేర్చడం, ఆ నంబర్ల పట్టికను మరో వ్యాపారికి ఇవ్వడం చేయకండి. వాట్సాప్‌లో ఒకేసారి చాలామందికి పంపే మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టు మెసేజ్ మీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. ‘కొత్త చీరలు వచ్చినప్పుడు చెప్పమంటారా?’ అని అడగండి, అవునన్నవాళ్లను మీ నంబరు దాచుకోమనండి. అలా వచ్చిన యాభై మంది చాలు, ఒక ఇంటి వ్యాపారం నిలబడుతుంది.

ఇప్పుడు కుడివైపు చీర ఎక్కడిదో చెప్పాలి. మా అమ్మకు చేసిన నష్టం పూడ్చాలని రెండు నెలల క్రితం ఒక నేత కుటుంబం కోడలికి మెసేజ్ పెట్టాను. ధర కేటలాగ్‌లోనే ఉంది. ఇది నచ్చిందని చెప్పగానే ఆమె నన్ను డబ్బు పంపమనలేదు. ‘అక్కా, కొంగు దగ్గర ఒక పోగు తెగితే ముడి వేశాం. ముందు అది చూడండి, పరవాలేదంటే పంపిస్తాను’ అంది. వెంటనే ఒక వీడియో పంపింది. మా అమ్మకు చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆ ముడిని రెండుసార్లు చూసి, ‘ఇది తెప్పించు’ అంది. మొన్న మా పిన్నికి కూడా అదే నంబరు ఇచ్చింది.

ఆ వీడియో ఆ కోడలి అనుమతితో ఇప్పుడు మీకు చూపిస్తున్నాను. ముడి మీద ఆమె వేలు పెట్టి చూపిస్తుంది, వెనక మామగారు నేస్తూ ఉంటారు. నేనిక మాట్లాడను. మగ్గం చప్పుడు వినండి.