ఆఫీసు ఫోన్ నుంచి బయటికి వెళ్లే కాల్స్: ఫ్రీపీబీఎక్స్‌లో లెక్క చూడటం, రికార్డ్ చేయడం

అందరికీ నమస్తే. "మా స్టాఫ్ ఎవరెవరికి ఫోన్లు చేస్తున్నారో తెలియాలి, అన్నిటికీ రికార్డింగ్ పెట్టేయండి." పీబీఎక్స్ (ఆఫీసులోని ఫోన్లన్నిటినీ కలిపి నడిపే సిస్టమ్) బిగించడానికి వెళ్లిన చోటల్లా నాకు వినపడే మాట ఇది. చాలామందికి నిజానికి కావాల్సింది రికార్డింగ్ కాదు, కాల్స్ లెక్క. ఆ లెక్క మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉంది.

ఫ్రీపీబీఎక్స్‌లో, అంటే పీబీఎక్స్‌ని బ్రౌజర్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ అయ్యి, రిపోర్ట్స్ మెనూలో సీడీఆర్ (కాల్స్ వివరాల) రిపోర్ట్స్ తెరవండి. లోపల కాల్స్ కలిపే ప్రోగ్రామ్ ఆస్టరిస్క్, అది ప్రతి కాల్‌కీ ఇక్కడ ఒక వరుస రాసుకుంటుంది. తేదీలు ఇచ్చి సెర్చ్ కొట్టండి. ఎవరు చేశారు, ఏ నంబరుకి, ఎప్పుడు, ఎత్తారా లేదా, అన్నీ కనిపిస్తాయి. ఒక్కోసారి సోర్స్ దగ్గర మనిషి ఎక్స్‌టెన్షన్‌కి (ఆఫీసు లోపలి ఫోన్ నంబరుకి) బదులు కంపెనీ నంబరే కనపడుతుంది. అప్పుడు రిపోర్ట్‌ని సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌గా) దించుకుని చానెల్ కాలమ్ చూడండి, పీజేసిప్ స్లాష్ 201 (PJSIP/201) అని ఉంటే అది 201 వాళ్ల కాల్.

ఇక టైమ్ సంగతి. నేను సెటప్ చేసిన ఒక ఆఫీసులో మేనేజర్ గారు డ్యూరేషన్ చూసి, "నువ్వు గంటలు గంటలు మాట్లాడుతున్నావు" అని ఒక కుర్రాడిని నిలదీశారు. పాపం అందులో సగం అవతల ఫోన్ మోగుతున్న టైమే! డ్యూరేషన్‌లో రింగ్ కూడా కలుస్తుంది. ఎత్తాక మాట్లాడింది మాత్రమే కావాలంటే బిల్‌సెక్ (billsec, సెకన్లలో) చూడాలి. అదే సీఎస్‌వీలో ఆ కాలమ్ విడిగా ఉంటుంది. బిల్‌సెక్ చూడకుండా ఎవరినీ ఏమీ అనకండి.

రికార్డింగ్ తప్పదు అనుకుంటే ఎక్స్‌టెన్షన్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రికార్డింగ్ ఆప్షన్స్ దగ్గరికి రండి. అవుట్‌బౌండ్ ఎక్స్‌టర్నల్ కాల్స్ (బయటికి వెళ్లేవి) ఒక్కటే "Yes" చేయండి. ఆఫీసులో వాళ్లూ వాళ్లూ మాట్లాడుకునే ఇంటర్నల్ కాల్స్ జోలికి పోవద్దు. సబ్మిట్, తర్వాత పైన ఎర్రగా ఉన్న అప్లై కాన్ఫిగ్. అది మర్చిపోయి "పనిచేయట్లేదు" అని నాకు ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

రికార్డింగ్ దాచే మామూలు వేవ్ (wav) ఆడియో ఫైల్ నిమిషానికి దాదాపు 1 ఎంబీ. పది మంది రోజుకి రెండేసి గంటలు మాట్లాడితే 1200 నిమిషాలు, అంటే రోజుకి 1 జీబీ పైనే. మూడు నెలల్లో డిస్క్ నిండి అసలు ఫోన్లే ఆగిపోయే ప్రమాదం ఉంది. పాతవి ఎన్ని రోజులకి తీసేయాలో ముందే అనుకోండి.

స్టాఫ్‌కి రాతపూర్వకంగా చెప్పాకే ఆన్ చేయండి. ప్రభుత్వ ఫోన్ ట్యాపింగ్ మీద 1996లో ఇచ్చిన తీర్పులోనే ఫోన్ సంభాషణ వ్యక్తిగత జీవితంలో భాగమని సుప్రీంకోర్టు అంది. అవతల కస్టమర్‌కి కూడా కాల్ మొదట్లోనే ఒక మాట చెప్పించండి.

ఇంకొకటి. ఫీచర్ కోడ్స్‌లో (ఫోన్ నుంచి డయల్ చేస్తే ఒక్కో పని చేసే చిన్న నంబర్లలో) చాన్‌స్పై అని 555 ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, డయల్ చేసినవాళ్లు నడుస్తున్న కాల్స్ వినగలరు. మీరు స్టాఫ్‌ని వినడం అటుంచి, స్టాఫ్ మీ కాల్ వినొచ్చు! ఆపేయండి.

ఇప్పుడు రికార్డింగ్ ఆన్ చేసిన ఎక్స్‌టెన్షన్, ఉదాహరణకి 201 నుంచి మీ మొబైల్‌కి ఒక కాల్ చేసి, అర నిమిషం మాట్లాడి పెట్టేయండి. సీడీఆర్‌లో ఆ వరుస పక్కన ప్లే గుర్తు వస్తుంది. నొక్కి వినండి, ఇద్దరి గొంతులూ రావాలి.