ఇంట్లోనే కారుకి పాలిష్, వ్యాక్స్: బానెట్ మీద సాలెగూడు గీతలు పోవాలంటే

నమస్తే అండీ. సౌండ్ వస్తోందా రా? ఆ, వస్తోందట. సరే అండీ, ఇవాళ కారుకి పాలిష్. పాలిష్, ఆ పైన వ్యాక్స్, రెండూ. ఇంట్లోనే, మా సెల్లార్లోనే.

ముందు ఇది చూడండి. బానెట్ మీద ఫోన్ టార్చ్ వేస్తున్నా. తమ్ముడూ, దగ్గరికి రా, ఇంకా దగ్గరికి. ఇదిగో... లైటు చుట్టూ సాలెగూడులా గుండ్రంగా సన్న గీతలు, కనిపిస్తున్నాయి కదా? స్విర్ల్ మార్క్స్ అంటారు వీటిని. నీడలో చూస్తే బండి బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండలోకి తీశామా, పరువు పోతుంది. ఇది ముదురు నీలం, తొమ్మిదేళ్ళ బండి. నల్ల కారు ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇవి ఎవరో గీకితే వచ్చినవి కాదండీ. రోజూ పొద్దున్నే దుమ్ము మీద పొడి గుడ్డ వేసి తుడుస్తాం చూడండి, దాంతో వచ్చినవే. అపార్ట్‌మెంట్లో అయితే ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ, పది కార్లు. ఆ గుడ్డలో ఇసుక ఉంటుంది. ఇక అది గుడ్డేంటి, గరుకు కాగితమే. నేను మా కారు రోజూ తుడవొద్దని చెప్పేశాను. దుమ్ము ఉంటే ఉండనీ అన్నా. ఇంట్లో తిట్టారు, అది వేరే సంగతి.

ఒక్క మాట చెప్పి పనిలోకి వెళ్దాం. రంగు పైన అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్. మామూలుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుకే ఇంచుమించు 70 ఉంటుంది, అంటే వెంట్రుక కన్నా పల్చన అన్నమాట. ఈ గీతలన్నీ ఆ పొరలోనే ఉన్నాయి. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు. గీత చుట్టూ ఉన్న పొరని అరగదీసి చదును చేయడం. చేసిన ప్రతిసారీ కొంత పోతుంది, మళ్ళీ రాదు. వ్యాక్స్ అలా కాదు, పైన వేసేది. పాలిష్ తీస్తుంది, వ్యాక్స్ వేస్తుంది. నెలనెలా పాలిష్ పెట్టిద్దాం సార్ అని ఎవరన్నా అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. వ్యాక్స్ అంటారా, మీ ఓపిక, ఎన్నిసార్లయినా వేసుకోండి.

ఇంకోటి, గోరు. గీత మీద అడ్డంగా గోరు లాగండి. తట్టుకుందా, అది పాలిష్‌తో పోదు. ఇదిగో ఈ డోర్ మీదది, బైకు హ్యాండిల్ గీసుకున్నది, తట్టుకుంటోంది. దీన్ని వదిలేయడమే.

సరే, వాషింగ్. ఇది తెలిసిందే, ఫాస్ట్‌గా వెళ్ళిపోతా. రెండు బకెట్లు, ఒకదాంట్లో కార్ షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. పైనుంచి కిందకి. చేతికి తొడుక్కుని కడిగే గ్లవ్‌ని ఉత్త నీళ్ళలో జాడించి మళ్ళీ షాంపూలో ముంచండి. సర్ఫ్ వద్దు, గిన్నెల సబ్బు వద్దు. టవల్ వేసి అద్దండి, రుద్దొద్దు. అయిపోయింది. బోరు నీళ్ళ తెల్ల మచ్చలుంటే తెల్ల వెనిగర్, అంతే నీళ్ళు కలిపి, దాంట్లో తడిపిన గుడ్డ ఒక్క నిమిషం ఉంచి కడిగేయండి. మా బోరు సంగతి మీకు తెలీదు, ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడకదు.

తర్వాత క్లే, అంటే అంటుకున్న మురికిని పట్టి లాగేసే బంకమట్టిలాంటి ముద్ద. చేతికి ఇలా పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద రాయండి. వినపడుతోందా, గరగర? కవర్ లేకుండా రాస్తే తెలీదు, కవర్ వేస్తే ప్రతి రేణువూ తగులుతుంది. కడిగినా పోని మురికి అది. షాంపూ నీళ్ళు స్ప్రే కొట్టి, క్లే ముక్కతో తేలిగ్గా జార్చుకుంటూ పోవడమే, నొక్కొద్దు. కింద పడితే మాత్రం పారేయండి. డబ్బులు పెట్టి కొన్నాం అని కడుక్కుని వాడారంటే, కొత్త గీతలు మీరే పెట్టుకున్నట్టు.

టేపు. నల్ల ప్లాస్టిక్ ఉన్నచోటల్లా మాస్కింగ్ టేపు. పాలిష్ అంటితే తెల్లగా ఎండిపోయి చచ్చినా పోదు. అంచుల మీద కూడా వేయండి, అక్కడ పొర ఇంకా పల్చన.

ఇప్పుడు పాలిష్ పట్టే మెషీన్. నాది డీఏ, డ్యూయల్ యాక్షన్, అంటే ప్యాడ్ తిరుగుతూ అటూ ఇటూ కదులుతుంది కూడా. తక్కువ ధరలో గ్రైండర్‌లా ఉండే రోటరీ దొరుకుతుంది, మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దు. ఒకేచోట వేడెక్కి రంగు కాల్చేస్తుంది. మెషీన్ లేకపోతే చేత్తో చేయండి, అవుతుంది. బానెట్ అయ్యేసరికి భుజం పడిపోతుంది, అంతే.

బానెట్ చల్లగా ఉండాలి. ముట్టుకుంటే చల్లగా ఉండాలి. మా బెజవాడలో మే నెలలో అయితే పొద్దున ఆరింటికి మొదలెట్టి తొమ్మిదికల్లా ఆపేస్తాను.

ప్యాడ్ మీద పాలిష్ నాలుగు చుక్కలు, బఠాణీ గింజంత. రెండడుగులకి రెండడుగులు, అంతకు మించి పట్టుకోవద్దు. ముందు స్లో స్పీడులో పూసేసి, తర్వాత నాలుగో ఐదో పెట్టి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. మెల్లగా. సెకనుకి అంగుళం. ఇంకా మెల్లగా. నాలుగైదు సార్లు తిప్పి తుడిచేయండి.

చూడండి. ఏమీ లేదు! అద్దం! ఆగండి, ఆగండి. నేను బోల్తా కొట్టింది ఇక్కడే. దీన్ని మాత్రం దాటేయకండి.

మొదటిసారి చేసినప్పుడు ఇలాగే మెరిసింది. ఆహా అనుకుని కారు మొత్తం చేసేసి, వ్యాక్స్ కూడా వేసేసి, అందరికీ ఫోటోలు పంపాను. రెండు వాషులయ్యాయి. గీతలన్నీ ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి. మందు నకిలీది అనుకున్నా, మెషీన్ని తిట్టుకున్నా. విషయం ఏంటంటే, పాలిష్‌లో నూనె ఉంటుంది. ఆ నూనె గీతల్లోకి దిగి కూర్చుంటుంది. కంటికి గీత కనపడదు, కానీ అక్కడే ఉంటుంది. షాంపూ పడ్డాక నూనె పోయింది, గీత బయటపడింది. రోజంతా నేను రుద్దింది, నూనె రాయడానికన్నమాట.

అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేర్ షాపుల్లో బోర్డులు తుడుస్తారే, అదే. అది ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు, స్ప్రే బాటిల్లో. మంట దగ్గర వద్దు. ఇలా కొట్టి, శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచి, ఇప్పుడు టార్చ్ వేయండి. తమ్ముడూ, ఇక్కడ పట్టు. చూశారా? సగం గీతలు మళ్ళీ కనిపిస్తున్నాయి. ఇదీ అసలు రంగు. ఇప్పుడు ఇంకోసారి పాలిష్. మళ్ళీ ఆల్కహాల్, మళ్ళీ టార్చ్. పోయాయా? ఈసారి పోయాయి. ఇక్కడొకటి లోతుగా ఉంది, దాని వెంట పడను. పొర మిగలాలి కదా.

ఈ ఒక్క ముక్క మీద లెక్క తేలితే, ఏ ప్యాడ్, ఎన్నిసార్లు అని, మిగతా కారంతా అదే లెక్క. అది మీకు చూపించక్కర్లేదు, కట్ చేసేస్తా. నాకు ఐదు గంటలు పట్టింది.

వ్యాక్స్. నాది కార్నోబా. బ్రెజిల్లో మన తాటాకులా విసనకర్ర ఆకులుండే చెట్టు ఒకటుంది, ఆ ఆకు మీద పొరలా వచ్చే మైనం ఇది. మెరుపు దీనిదే బాగుంటుంది, కాకపోతే మన ఎండకి ఒకటి రెండు నెలలు. ఎక్కువ కాలం ఉండాలంటే వ్యాక్స్ బదులు వేసే సింథటిక్ సీలెంట్ తీసుకోండి.

పల్చగా. పూసినట్టు తెలియనంత పల్చగా. మందంగా పూస్తే ఎక్కువ కాపాడదు, తుడవడానికి ప్రాణం పోతుంది, అంతే. మబ్బుగా అయ్యాక వేలితో ఒక గీత లాగండి, శుభ్రంగా వస్తే ఆరినట్టు. కొత్త గుడ్డతో తుడిచేయడమే. ఎక్కడైనా గట్టిపడిపోతే గోకకండి, దాని మీదే ఇంకాస్త వ్యాక్స్ రాస్తే కరిగి వచ్చేస్తుంది.

ఇది మర్నాడు పొద్దున అండీ. రాత్రంతా నీళ్ళు తగలనివ్వలేదు. ఇప్పుడు ఒక మగ్గు పోస్తున్నా, చూడండి... తామరాకు మీద పోసినట్టే. అటు కూడా తీయరా, అటు, డోర్ వైపు జారుతున్నాయి చూడు. బాగా వచ్చిందా? సరే, కెమెరా పక్కన పెట్టేసి ఆ టవల్ ఇలా ఇవ్వు. పోసింది బోరు నీళ్ళే, ఆరేలోపు అద్దేయాలి.