కునికే కోడిని కోయొద్దు

బచత్ గట్ల, అంటే పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, చికెన్ సెంటర్లు నడిపే తమ్ముళ్లకు, ఆశా అక్కలకు, మన గడ్చిరోలి జిల్లా సిరొంచా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలందరికీ నమస్కారం.

నేను పశువుల డాక్టర్ని. బర్డ్‌ఫ్లూ మాట వినబడగానే అందరూ నన్ను అడిగేది ఒక్కటే: "సార్, చికెన్ తినొచ్చా?" తినొచ్చు. ముక్క లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఈ వైరస్ చస్తుంది. కుతకుత ఉడికే మన కూర అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. గుడ్డు కూడా పచ్చసొన గట్టిపడేదాకా ఉడికితే భయం లేదు. ఆ ప్రశ్నకు జవాబు అంతే. నా బాధ వేరే. ఊరంతా కూరగిన్నెను చూసి భయపడుతుంది. ఆ కూర పొయ్యి మీదికి ఎక్కడానికి గంట ముందు పెరట్లో జరిగిన పనిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేను మాట్లాడదామని వచ్చింది ఆ గంట గురించే.

ఇంట్లో పది నాటుకోళ్లు ఉన్నాయనుకోండి. పొద్దున గంప ఎత్తితే ఒక పెట్ట బయటికి రాలేదు. రెక్కలు వాల్చి కునుకుతున్నది. ఇంట్లో పెద్దమ్మ ఏమంటుంది? "సచ్చినంక ఏం లాభం, పానం ఉండంగనే కోద్దాం." ఆ మాటను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంగట్లో అమ్మితే నాలుగు పైసలు వచ్చే కోడి అది. కానీ అది బర్డ్‌ఫ్లూ అయితే, ఆ సమయానికి దాని ఒంట్లో వైరస్ నిండిపోయి ఉంటుంది. మెడ కోస్తే నెత్తురు చింది చేతుల మీద పడుతుంది. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకుతుంటే తుంపర మొహాన కొడుతుంది. పేగులు తీస్తే రెట్ట అంటుతుంది. అదే చేత్తో కళ్లు నులుముకుంటాం, పక్కనున్న పిల్ల ముక్కు తుడుస్తాం. ఈ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లు. ఆ పక్కనే కూర్చుని తెగిన కోడికాళ్లతో ఆడుకునేది పిల్లలు. అందుకే ఈ సభకు ముందు బచత్ గట్లను పిలవమని పట్టుబట్టాను.

2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఈ బర్డ్‌ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్‌తో చనిపోయింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలో అది తేలింది. కోడిని కోస్తున్నప్పుడు పాప పచ్చిముక్క ఒకటి నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పారు. అదే కూర ఉడికాక తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. ఎవరినో భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ ఇంట్లో జరిగింది మన ప్రతి ఇంట్లోనూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

ఈ రోగం మన రాష్ట్రానికి కొత్తది కాదు. 1997లో హాంకాంగ్‌లో పద్దెనిమిది మందికి సోకి ఆరుగురిని బలితీసుకున్నప్పుడే ఇది కోళ్ల నుంచి మనుషులకు వస్తుందని లోకానికి తెలిసింది. మన దేశంలో మొదటిసారి కోళ్లలో బయటపడింది 2006లో, ఈ మహారాష్ట్రలోనే, నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. అది గుజరాత్ వైపు, మనకు చాలా దూరం అనుకుంటారేమో. 2025 జనవరిలో లాతూర్ జిల్లా ఉద్గీర్‌లో కాకులు కుప్పలుగా రాలాయి, అది బర్డ్‌ఫ్లూనే. అదే నెలలో మన తెలుగువాళ్లు ఉండే నాందేడ్ జిల్లాలోనూ కోళ్లలో దొరికింది. అంతకు ముందు నెలలో నాగపూర్ గోరెవాడ వన్యప్రాణుల రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత చచ్చిపోయాయి. పరీక్ష చేస్తే హెచ్5ఎన్1. ఆ పులులను తెచ్చింది మన పక్క జిల్లా చంద్రపూర్ నుంచి. పులికి సోకిందంటే పిల్లికీ సోకుతుంది. చచ్చిన కోడిని పిల్లికో కుక్కకో విసిరేసే అలవాటు మనది. ఇకమీదట అది మానుకోవాలి.

మరి మనిషికి ఎందుకింత అరుదుగా వస్తుంది, వస్తే ఎందుకింత గట్టిగా కొడుతుంది? వైరస్ ఒంట్లోకి దిగాలంటే దానికి అతుక్కునే చోటు కావాలి. కోడికి అలాంటి చోటు గొంతులోనూ పేగుల్లోనూ నిండా ఉంటుంది. మనిషికి ముక్కులో, గొంతులో తక్కువ, ఊపిరితిత్తుల అడుగున ఎక్కువ. కాబట్టి మామూలుగా మనకు అంటదు. అంటితే మాత్రం నేరుగా అడుగుకు దిగి న్యుమోనియా తెస్తుంది. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కిన కేసులు తొమ్మిది వందలకు పైనే. అందులో దాదాపు సగం మంది చనిపోయారు. దవాఖానకు రాకుండా తగ్గిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు, కాబట్టి అసలు చావుల వంతు అంత ఉండకపోవచ్చు. మనిషి నుంచి మనిషికి ఊళ్లమీద పడి పాకే గుణం దీనికి ఇంకా రాలేదు. ఒకే మనిషిలో మామూలు ఫ్లూ, ఈ కోళ్ల ఫ్లూ రెండూ కలిస్తే అలాంటి గుణం పుట్టవచ్చని శాస్త్రవేత్తల భయం. ఫారాల్లో పనిచేసేవాళ్లను ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించుకోమనేది అందుకే.

"కొక్కెర తెగులే కదా సార్, ప్రతి ఏడూ వచ్చేదే" అని చాలామంది అంటారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఈ మాటే. కొక్కెరలోనూ మెడ మెలిపడుతుంది, పచ్చగా పారుకుంటుంది, మందకు మంద పోతుంది. బర్డ్‌ఫ్లూలో తురాయి నీలంగా మారవచ్చు, మొహం వాయవచ్చు, కాళ్ల మీద ఎర్రని మచ్చలు రావచ్చు. ఏమీ కనబడకుండా రాత్రికి రాత్రే చావనూ వచ్చు. ఇన్నేళ్లు కోళ్లను చూసిన నేను కూడా కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పలేను. భోపాల్‌లో ఉన్న పశురోగాల ప్రయోగశాల చెప్పాలి. కొక్కెరకు టీకా ఉంది, తప్పకుండా వేయించండి. దానివల్ల బర్డ్‌ఫ్లూ ఆగదు, అయినా వేయించండి. టీకా వేసిన మంద కూడా పోతోందంటే మనకు అనుమానం వెంటనే వస్తుంది.

పుంజుల పందేలు ఆడే తమ్ముళ్లకు ఒక మాట. నోట్లో నీళ్లు పోసుకుని పుంజు మొహాన ఊదడం, గాయాన్ని ఒట్టి చేత్తో తుడవడం మానండి. ఓడిన పుంజును సంచిలో వేసుకుని ఇంకో ఊరి అంగడికి తీసుకుపోతే రోగం కూడా దానితోనే పోతుంది. రెట్ట అంటిన చెప్పు, సైకిల్ చక్రం, ఫారం నుంచి వచ్చిన ట్రే కూడా అంతే పని చేస్తాయి. చలికాలంలో తడి రెట్టలో వైరస్ వారాల తరబడి బతుకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కోళ్లు పోతున్నాయని చెబితే సర్కారోళ్లు వచ్చి ఉన్నవి కూడా చంపుతారని దాచిపెడతారు. నిజమే, రోగం తేలితే చుట్టూ ఒక కిలోమీటరు మేర కోళ్లను చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. కానీ పరిహారం వచ్చేది అలా చంపిన కోళ్లకే. ముందే చచ్చినవాటికి రాదు. నాలుగు రోజులు దాచితే నాలుగు రోజుల్లో చచ్చినవన్నీ మీ ఖాతాలో నష్టం. మొదటి రోజే చెప్పినవాడికి బతికున్న ప్రతి కోడికీ లెక్క కడతారు. ఆ డబ్బు వచ్చేసరికి ఆలస్యం అవుతుందని మీరు అంటే నేను కాదనను. అది త్వరగా రావాలని మేమూ పైవాళ్లను అడుగుతూనే ఉండాలి. అంటురోగం అనుమానం వస్తే తెలియజేయాలని పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టం కోళ్ల యజమానికీ, పంచాయతీకీ బాధ్యత పెట్టింది. పశువుల దవాఖానకు రండి, లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. మేము వచ్చేదాకా చచ్చినవాటిని ఒట్టి చేత్తో ముట్టొద్దు, ప్రాణహితలో పారేయొద్దు. చేతికి కవర్ తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, కుక్కలు లాగకుండా ఒకచోట కప్పి ఉంచండి. పిల్లలను అటు పోనీయొద్దు.

ఇంకొకటి మన సరిహద్దు వాళ్లకే ఉన్న ఇబ్బంది. ఇక్కడి నుంచి గడ్చిరోలికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. జ్వరం వస్తే మనవాళ్లు వంతెన దాటి తెలంగాణ దవాఖానలకు పోతారు. ఇటు కోళ్లు చస్తున్న సంగతి అటు డాక్టరుకు తెలియదు. మామూలు జ్వరం మాత్రలు రాసి పంపిస్తాడు. ఈ రోగానికి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు పడితేనే అది బాగా పనిచేస్తుంది. కోడిని ముట్టిన పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం, కళ్లు ఎర్రబడటం ఏది వచ్చినా, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "మా ఇంట్లో కోళ్లు చచ్చినయ్, నేను ముట్టిన." ఆశా అక్కలూ, మీకు ఒక విన్నపం. రోగి వెంట మీరు పోలేకపోతే ఒక చీటీ మీద ఊరి పేరు, కోళ్లు చచ్చిన తేదీ, ఈ మనిషి ఏ రోజు ముట్టాడో తెలుగులోనే రాసి చేతికివ్వండి. నది దాటితే అక్కడ చదివేది తెలుగే.